చింత చెట్టు: నాటడం నుంచి జాడీకెత్తడం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

చారు, పులుసు, పులిహోర, పచ్చడి... రోజూ ఏదో ఒక రూపంలో చింతపండు తినని తెలుగిల్లు ఉండదు. కానీ చింత తోట వేశానని చెప్పే రైతు అరుదు. గట్టు మీదో, చెరువు కట్ట మీదో, బాట పక్కనో తాతల కాలంలో మొలిచిన చెట్ల మీదే ఇంకా బతుకుతున్నాం. ఆ చెట్లు ఒక్కొక్కటే పోతున్నాయి, కొత్తవి రావడం లేదు. చింతను దొరికే పంటగా కాకుండా వేసుకునే పంటగా చూడాలన్నది నా గట్టి నమ్మకం. అందుకే రైతులు, వంట చేసేవాళ్ళు, పెరట్లో ఒక చెట్టు పెట్టుకోవాలనుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

చింత మన దేశపు చెట్టేనా?

పుట్టిల్లు ఆఫ్రికా. అక్కడి సవన్నా గడ్డి మైదానాల్లో ఇప్పటికీ అడవి చెట్టుగా పెరుగుతుంది. మన దేశానికి వేల ఏళ్ళ క్రితమే వచ్చింది. ఎంతగా కలిసిపోయిందంటే, ప్రపంచంలో చింతపండు ఎక్కువగా పండేది ఇప్పుడు మన దేశంలోనే. చిక్కుడు, కంది, తుమ్మ, కానుగ ఉన్న కుటుంబమే దీనిదీ. కాయను చూస్తే ఆ చుట్టరికం తెలిసిపోతుంది.

పప్పుజాతి చెట్టు కదా, నేలకు నత్రజని ఇస్తుందా?

ఇవ్వదు. చాలామంది పొరబడేది ఇక్కడే. కంది, పెసర, అవిసె, సుబాబుల్ లాంటి వాటి వేళ్ళ మీద బుడిపెలు ఉంటాయి. వాటిలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. చింత వేళ్ళకు ఆ బుడిపెలు రావు. కుటుంబం ఒకటే అయినా ఈ గుణం దీనికి రాలేదు. కాబట్టి చింత తోటకు పశువుల ఎరువు వేయాల్సిందే. నేలకు నత్రజని కూడా కావాలంటే మొదటి నాలుగైదేళ్ళు సాళ్ళ మధ్య అలసంద, ఉలవ, పిల్లిపెసర లాంటివి వేసుకోండి. చెట్లు చిన్నగా ఉన్నంతకాలం ఆ పంట నుంచి నాలుగు డబ్బులు కూడా వస్తాయి.

గింజ నాటాలా, అంటు మొక్క నాటాలా?

అమ్మకానికి పెంచేవాళ్ళు అంటు మొక్కే నాటండి. దీనికి రెండు కారణాలున్నాయి.

మొదటిది కాలం. గింజ మొక్క కాపుకు రావడానికి మామూలుగా ఎనిమిది నుంచి పదేళ్ళు పడుతుంది. అంటు మొక్క మూడో ఏడో నాలుగో ఏడో పూత చూపిస్తుంది. అయిదెకరాలున్న రైతు పదేళ్ళు ఎదురు చూడమంటే ఎలా చూస్తాడు? "చింత మా మనవళ్ళకి" అని పెద్దలు అనేవారంటే గింజ చెట్టు సంగతి తెలిసే అన్నారు.

రెండోది ఇంకా ముఖ్యం. చింత పూలలో ఒక చెట్టు పుప్పొడి ఇంకో చెట్టు పూవుకు చేరుతుంది. తేనెటీగలు ఆ పని చేస్తాయి. అందుకే మంచి చెట్టు గింజ నాటినా తల్లి గుణం వస్తుందన్న హామీ లేదు. ఒకే చెట్టు గింజలతో మొలిచిన మొక్కల్లో ఒకదానికి బొటనవేలంత కాయలు కాస్తే, ఇంకోదానికి జానెడు కాయలు కాస్తాయి. ఒకటి కండ పట్టి ఉంటుంది, ఇంకొకటి ఒట్టి గింజే. అంటు కడితే మాత్రం తల్లి చెట్టే మళ్ళీ వస్తుంది.

అంటు కట్టడానికి వేరు మొక్క, అంటే అడుగున వేళ్ళతో అంటును మోసే మొక్క కావాలి. అది గింజతోనే వస్తుంది. గింజల్ని ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, మట్టి, ఎరువు కలిపి నింపిన కవర్లలో వేలి కణుపు లోతున పెట్టాలి. వారం పది రోజుల్లో మొలకలు మొదలవుతాయి, కొన్నిటికి నెల దాకా పడుతుంది. మొక్క పెన్సిల్ లావు అయ్యాక, మంచి చెట్టు నుంచి తెచ్చిన కొమ్మతో అంటు కట్టొచ్చు. చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గర కొన్నాళ్ళు నేర్చుకుని చేస్తే బతికే అంట్లు ఎక్కువ.

ఏ రకం మొక్కలు తెచ్చుకోవాలి?

తమిళనాడులోని పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం 1 బాగా ప్రచారంలో ఉన్న రకం. అంటు మొక్కలు నాలుగో ఏటి నుంచే కాస్తాయి, కాయలో గుజ్జు దాదాపు 39 శాతం ఉంటుంది. ధర్మపురి వైపు నుంచి వచ్చిన ఉరిగం రకం పొడవాటి కాయలకు పేరు. మహారాష్ట్రలో ప్రతిష్ఠాన్ అనే రకం ఉంది.

మన దగ్గర అనంతపురం ఉద్యాన పరిశోధన స్థానం రెండు రకాలు ఇచ్చింది. ఒకటి తెట్టు అమలిక. రెండోది అనంత రుధిర, అంటే ఎర్ర చింత. దీని పచ్చికాయను విరిస్తే లోపల రక్తం రంగు గుజ్జు కనిపిస్తుంది. పండు ముదిరేకొద్దీ ఆ ఎరుపు తగ్గి గోధుమ రంగులోకి వస్తుంది. అందుకని పచ్చికాయ దశలోనే పచ్చళ్ళకు, జామ్‌లకు, రంగు కోసం వాడుకోవడం మేలు. ఎర్ర చింత చూడముచ్చటగా ఉందని తోటంతా అదే వేయకండి. ఊరి మార్కెట్లో చింతపండు కొనేవాళ్ళకు ఇంకా అలవాటు మామూలు రంగే.

నర్సరీలో కొనేటప్పుడు అంటు కట్టిన చోట గట్టిగా అతుక్కుందో లేదో, అంటు కింద నుంచి వేరు మొక్క చిగుళ్ళు వచ్చాయో చూసుకోండి. కింది చిగుళ్ళు వదిలేస్తే అవే పైకి లేచి అంటును చంపేస్తాయి. అప్పుడు మీరు డబ్బు పెట్టి కొన్నది మళ్ళీ గింజ మొక్కే అవుతుంది.

ఏ నేలకు పనికొస్తుంది?

నీరు నిలవని ఏ నేలైనా సరే. ఎర్ర చెలక, గరప నేల, రాళ్ళు కలిసిన మెరక, కాస్త చౌడు తగిలిన నేల, అన్నీ ఓర్చుకుంటుంది. ఏడాదికి 500 మిల్లీమీటర్ల వాన పడే చోట కూడా పెద్ద చెట్టు ఏ తడీ లేకుండా నిలబడుతుంది. వేళ్ళు లోతుకు పోతాయి. అనంతపురం, సత్యసాయి, చిత్తూరు, మహబూబ్‌నగర్ వైపు మెట్ట పొలాలకు ఇంతకన్నా నమ్మకమైన చెట్టు నాకు తెలియదు.

నల్లరేగడిలో వేయాలంటే నీరు జారిపోయే వాలు ఉండాలి. ఇంకో సంగతి, ఏడాది పొడుగునా ముసురు పట్టే చోట చెట్టు పచ్చగా పెరుగుతుంది కానీ సరిగ్గా కాయదు. కాయ పట్టి ముదరాలంటే దీనికి కొన్ని నెలలు పొడి కాలం కావాలి.

ఎంత దూరంలో నాటాలి? మొదట్లో ఎలా చూసుకోవాలి?

అటూ ఇటూ 10 మీటర్లు. ఎకరాకు 40 చెట్లు వస్తాయి. అంటు మొక్కలు గింజ మొక్కలంత విస్తరించవు కాబట్టి 8 మీటర్లకు కూడా నాటుకోవచ్చు, అప్పుడు ఎకరాకు 60 దాటుతాయి. అంతకన్నా దగ్గర నాటితే పదిహేనేళ్ళకు కొమ్మలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, లోపలికి వెలుగు రాదు, కాపంతా పైకొమ్మలకే పోతుంది.

మీటరు లోతు, మీటరు వెడల్పు గుంత వేసవిలోనే తవ్వి ఎండనివ్వండి. పైమట్టిలో 15 నుంచి 20 కిలోల మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి నింపి, తొలకరి పడ్డాక నాటాలి. పక్కన కర్ర పాతి కట్టండి. మొదటి రెండు వేసవులే గండం. పది రోజులకో తడి అయినా ఇవ్వాలి. నీళ్ళ వసతి లేకపోతే పాదులో ఎండు గడ్డి, వేరుశనగ పొట్టు మందంగా పరిస్తే తేమ నిలుస్తుంది.

మేకల నుంచి కాపాడడమే అసలు పని. చింత ఆకు పుల్లగా ఉంటుంది, మేకలకు ప్రాణం. ముళ్ళకంప కట్టకుండా నాటిన మొక్క బతకదు.

నేల నుంచి మూడు నాలుగడుగుల దాకా పక్క కొమ్మలు తీసేసి, ఆ పైన నాలుగు దిక్కులకూ నాలుగైదు కొమ్మలు ఉంచండి. పెద్దయ్యాక ఎండు కొమ్మలు తీయడం తప్ప కత్తిరింపు పెద్దగా అక్కర్లేదు. ఎరువు మాత్రం ఏటా తొలకరిలో, పెద్ద చెట్టుకు 25 కిలోల పశువుల ఎరువుకు తగ్గకుండా, మొదలు దగ్గర కాకుండా కొమ్మల నీడ అంచున పడేలా వేయాలి. నీళ్ళూ ఎరువూ పీల్చే సన్నవేళ్ళు ఎక్కువగా ఉండేది అక్కడే.

ఎకరాకు ఎంత వస్తుంది?

బాగా ఎదిగిన పెద్ద చెట్టు మంచి ఏడాదిలో 150 నుంచి 200 కిలోల కాయ ఇస్తుంది. కానీ లెక్క వేసుకునేటప్పుడు ఆ అంకె పట్టుకోకండి. వయసులో ఉన్న తోటకు చెట్టుకు 50 కిలోలే అనుకుందాం. 40 చెట్లకు 2 టన్నుల కాయ. అందులో గుజ్జు 40 శాతం వేసుకుంటే 800 కిలోల చింతపండు. మిగిలింది గింజ, పెంకు, ఈనెలు. మీ మార్కెట్ ధరతో గుణించి, కోత కూలి, కొట్టే కూలి తీసేస్తే మీ లెక్క మీకే తెలుస్తుంది. పురుగు మందుల ఖర్చు, నీటి ఖర్చు దాదాపు లేకపోవడం దీని బలం. కూలి ఖర్చే దీని బలహీనత.

ఒక ఏడాది విరగకాసి మరుసటి ఏడాది ఎందుకు కాయదు?

చింతకు ఆ గుణం ఉంది. పూత మే, జూన్‌లలో కొత్త కొమ్మల మీద వస్తుంది. ఆ కాయ పండేది ఎనిమిది తొమ్మిది నెలల తర్వాత, జనవరి నుంచి ఏప్రిల్ లోపు. అంత కాలం బరువు మోసిన చెట్టుకు కొత్త కొమ్మలు వేసే శక్తి మిగలదు. కొత్త కొమ్మ లేకపోతే పూత లేదు.

దీన్ని పూర్తిగా తప్పించలేం, తగ్గించగలం. కాపు దిగిన వెంటనే ఎరువు, వీలైతే ఒక తడి ఇవ్వండి. కాయల కోసం కర్రలతో బాదడం మానండి. బాదినప్పుడు కాయతో పాటు లేత రెమ్మలు విరుగుతాయి, వచ్చే ఏటి పూత రావాల్సింది వాటి నుంచే. కొమ్మెక్కి కుదిపి, అందనివి దోటితో లాగి కోయించండి. కూలి కాస్త ఎక్కువవుతుంది, పైఏడు దాని ఫలితం కనిపిస్తుంది.

చిగురు కోసి అమ్మితే కాయ తగ్గుతుందా?

చెట్టంతా దులిపితే తగ్గుతుంది. పూత వచ్చేది ఆ చిగురు కొమ్మల చివర్లలోనే కదా. వేసవిలో చింతచిగురుకు పట్నంలో వచ్చే ధర చూస్తే కోయకుండా ఉండడం కష్టమే. చింతచిగురు పప్పు, చింతచిగురు మాంసం, ఎండు రొయ్యలతో చింతచిగురు... ఆ రెండు మూడు నెలలు ఎంత ధరైనా పెట్టి కొనేవాళ్ళున్నారు.

నా సలహా ఏమిటంటే, కాయ చెట్లను కాయకే వదిలి, చిగురు కోసం విడిగా ఒక వరస పెట్టుకోండి. గింజ మొక్కలే చాలు. మీటరు దూరంలో కంచెలా నాటి, నడుమెత్తున కత్తిరిస్తూ ఉంటే చింత మళ్ళీ మళ్ళీ చిగురిస్తుంది. నేల మీద నిలబడి కోసుకోవచ్చు. ఏటా చెట్టెక్కి చిగురు కోస్తూ పడినవాళ్ళ సంగతి వింటూనే ఉంటాం, ఆ ప్రమాదమూ తప్పుతుంది.

పురుగు పడుతుందా?

చెట్టు మీద ఉన్నంతకాలం పెద్ద టెన్షన్ లేదు. నర్సరీ మొక్కల మీద బూడిద తెగులు, కొమ్మల మీద పిండినల్లి, పొలుసు పురుగు కనిపిస్తాయి. నీళ్ళలో కరిగే గంధకం, వేపనూనె చాలావరకు సరిపోతాయి.

అసలు శత్రువు కాయలో గింజను తొలిచే పెంకు పురుగు. కాయ ముదిరే దశలోనే గుడ్లు పెట్టి, నిల్వలో విజృంభిస్తుంది. వేరుశనగ కాయల్ని తొలిచే పురుగు కూడా ఇదే. చింత నుంచి వేరుశనగకూ, వేరుశనగ నుంచి చింతకూ మారుతుంది. అందుకని రాయలసీమ రైతులు ఒక జాగ్రత్త పడాలి. వేరుశనగ కాయలు నిల్వ చేసిన గదిలో చింతకాయ గానీ చింతగింజ గానీ పోయవద్దు. చెట్టు కింద రాలిన కాయల్ని ఏరేయండి, లేకపోతే పురుగు వాటిలోనే పెరిగి మళ్ళీ చెట్టెక్కుతుంది.

కాయ కోతకు వచ్చిందని ఎలా తెలుస్తుంది? గుత్తకు ఇవ్వొచ్చా?

గోరుతో గీకితే పెంకు మీద పచ్చదనం కనిపించకూడదు. వేలితో కొడితే బోలు చప్పుడు రావాలి. లోపల గుజ్జు కుంచించుకుని పెంకును వదిలేసిందని దానర్థం. అప్పుడు పెంకు చిటుక్కున పగులుతుంది. తొందరపడి దోరకాయ కోస్తే పెంకు గుజ్జుకు అతుక్కుని వస్తుంది, రంగూ రాదు.

పూతలోనే చెట్లు చూసి గుత్త మాట్లాడుకునే వ్యాపారులుంటారు. పెట్టుబడి లేదు, కూలి వెతికే పని లేదు కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు. నేను మాత్రం పూతలో ఇవ్వవద్దంటాను. చింత పూతలో కాయ నిలిచేది కొంతే, కాబట్టి వ్యాపారి ఆ నష్టభయమంతా మీ ధరలోనే తగ్గిస్తాడు. కాయ కనబడ్డాక, డిసెంబరు ప్రాంతంలో మాట్లాడుకుంటే మీ చేతిలో బలం ఉంటుంది. కర్రలతో బాదకూడదన్న షరతు కూడా అప్పుడే పెట్టండి.

ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజన సహకార సంస్థ సంతల్లో చింతపండు కొంటుంది. అక్కడి కుటుంబాలకు మార్చి, ఏప్రిల్ నెలల్లో చేతిలో ఆడే డబ్బు చాలావరకు ఇదే.

హిందూపురం మార్కెట్లో కరిపులి, ఫ్లవర్ అంటారు. తేడా ఏమిటి?

రెండూ ఒకే చెట్టు పండు కావచ్చు, తయారు చేసిన తీరే వేరు. పొడుగ్గా ఉన్న మంచి కాయను పెంకు తీసి, గింజ తీసి, చీలిక చెదరకుండా చక్కగా పరిచింది కరిపులి. చూడగానే శుభ్రంగా, నిగనిగలాడుతూ ఉంటుంది. ఫ్లవర్ రకం కొట్టి గింజ తీసిన ముక్క. ధరల పట్టికలో కరిపులి ఎప్పుడూ పైనుంటుంది, ఒక్కోసారి చాలా పైనుంటుంది. కాయ కోయడంలో, ఎండబెట్టడంలో పెట్టిన శ్రద్ధకు అక్కడ నేరుగా డబ్బు వస్తుంది. మట్టి నేల మీద ఎండబోసి, ఇసుకతో పాటు మూట కట్టిన పండుకు ఏ పేరు పెట్టినా ధర రాదు. టార్పాలిన్ పరిచి ఎండబెట్టండి.

గింజ కొట్టే పని చేసేది దాదాపు అంతా ఆడవాళ్ళే. రోజంతా కూర్చుని చిన్న సుత్తితో ఒక్కో కాయా కొడతారు. పులుపుకు వేళ్ళ చివర్లు పగులుతాయి. చేతి తొడుగులు, నడుముకు ఆనుకునే పీట ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. పని చేయించేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

చింతపండు నల్లబడకుండా ఏడాదంతా ఎలా నిల్వ ఉంచాలి?

తేమ, వేడి తగిలితే నల్లబడుతుంది. గింజ, ఈనెలు తీసి, రెండు రోజులు బాగా ఎండనిచ్చి, కల్లుప్పు కలిపి జాడీలో గట్టిగా అదిమి పెట్టడం మన అమ్మమ్మల పద్ధతి, ఇప్పటికీ అదే మంచిది. ఎక్కువైతే గాలి చొరని కవర్లో కట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. వ్యాపారులు కోల్డ్ స్టోరేజీలో పెట్టేది ఆ రంగు కాపాడడానికే.

నల్లబడిన పాత చింతపండు పాడైనట్టు కాదు. చారుకు, పులుసుకు పాతదే రుచి అనేవాళ్ళున్నారు. పులిహోరకు మాత్రం రంగు కోసం కొత్తది తీసుకోండి. బూజు వాసన వస్తే పారేయాల్సిందే. చింతపండు పులుసును అల్యూమినియం గిన్నెలో గానీ, కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో గానీ నిల్వ ఉంచవద్దు. ఇత్తడి బిందెను తళతళలాడించే ఆ పులుపే, గిన్నెలోని లోహాన్ని తినే కూరలోకి దించుతుంది.

పచ్చి చింతకాయ పచ్చడి ఎప్పుడు పెట్టాలి?

డిసెంబరు, జనవరి నెలల్లో, కాయ నిండి గింజ ఇంకా గట్టిపడని రోజుల్లో. కాయలు కడిగి, తడి పూర్తిగా ఆరాక, ఉప్పు, పసుపు వేసి రోట్లో కచ్చాపచ్చాగా తొక్కి జాడీలో పెడతారు. మూడో రోజు తీసి గింజలు, ఈనెలు ఏరి మెత్తగా నూరి మళ్ళీ జాడీకెత్తుతారు. తెలంగాణలో దీన్నే చింతకాయ తొక్కు అంటారు. కావలసినప్పుడు కొంచెం తీసి పచ్చిమిర్చి గానీ ఎండుమిర్చి గానీ కలిపి నూరి, ఇంగువ పోపు పెట్టుకోవడమే. వేడన్నం, నెయ్యి ఉంటే ఇంకో కూర అక్కర్లేదు.

ఇంత పులుపు కదా, విటమిన్ సి ఎక్కువా?

కాదు. 100 గ్రాముల గుజ్జులో విటమిన్ సి మూడు నాలుగు మిల్లీగ్రాములే ఉంటుంది. పులుపంతా టార్టారిక్ ఆమ్లానిది. మామిడి లాంటి పళ్ళు పండేకొద్దీ పులుపు తగ్గుతుంది. చింతలో తీపి పెరుగుతుంది కానీ ఆ ఆమ్లం తగ్గదు. "చింత చచ్చినా పులుపు చావదు" అన్నవాళ్ళు చెట్టును సరిగ్గానే గమనించారు. పొటాషియం మాత్రం దండిగా, 100 గ్రాములకు 600 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్ళు ఇది చూసుకోవాలి.

ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు చింతపండు భోజనంతో వేసుకుంటే శరీరం వాటిని ఎక్కువగా పీల్చుకుంటుందని పరిశోధనల్లో తేలింది. రోజూ అలాంటి మందులు వాడేవాళ్ళు డాక్టరుతో ఒక మాట చెప్పండి.

ఫ్లోరైడ్ నీళ్ళు తాగే ఊళ్ళలో చింతపండు మేలు చేస్తుందంటారు, నిజమేనా?

కొంత ఆధారం ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే, మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. 2002లో ఆ ఫలితాలు ప్రచురించారు. నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరోసిస్ బాధ తెలిసిన మనకు ఇది చిన్న విషయం కాదు. అయితే వంగిన ఎముకల్ని చింతపండు సరిచేయదు. అక్కడ కావలసింది సురక్షితమైన తాగునీరు, దానికి బదులుగా దేన్నీ చూపకూడదు.

చింతగింజలు పారేయాల్సిందేనా?

అస్సలు కాదు. కాయ బరువులో మూడో వంతు గింజే. పిల్లలు వామనగుంటలు, అష్టాచెమ్మా ఆడేది వీటితోనే. వేయించి, పొట్టు తీసి, నానబెట్టి తినేవారు. కరువు రోజుల్లో పిండి చేసుకుని బతికినవాళ్ళున్నారు.

ఆ పిండిని ఉడికిస్తే గట్టి జిగురు వస్తుంది. కొండపల్లి బొమ్మకు చేతులూ కాళ్ళూ అతికించే మక్కు, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిందే. చేర్యాల ముసుగులు చేసేదీ ఈ రెండింటితోనే. బొమ్మలతో కథ చెప్పే నకాషీ పటం వేసే గుడ్డను గట్టిపరచడానికీ చింతగింజ జిగురు వాడతారు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు గుడ్డ మీద మొదటి గీతలు గీసే బొగ్గు పుల్ల కూడా కాల్చిన చింత రెమ్మే. మన కళలు ఈ చెట్టుకు ఎంత రుణపడి ఉన్నాయో ఆలోచించండి.

రెండో ప్రపంచ యుద్ధ కాలం నుంచి బట్టల మిల్లులు, జనపనార మిల్లులు నూలుకు గంజి పెట్టడానికి ఈ పిండి వాడుతున్నాయి. కళ్ళు పొడిబారినప్పుడు వేసే కొన్ని చుక్కల మందుల్లోనూ, జపాన్‌లో ఆహారాన్ని చిక్కబరచడానికీ గింజలోని జిగురు పదార్థమే వాడతారు. కాబట్టి గింజ కొనే వ్యాపారి ఇచ్చే ధర కూడా కనుక్కోండి, ఊరికే ఇచ్చేయకండి.

కలప దేనికి పనికొస్తుంది?

చేవ చాలా గట్టిది, కోయడం కష్టం, చీలదు. నూనె గానుగలు, రోకళ్ళు, బండి ఇరుసులు దీనితో చేసేవారు. మటన్ కొట్టులో కత్తి దెబ్బలు తినే మొద్దు చాలాచోట్ల చింత మొద్దే. బొగ్గు బాగా మండుతుంది.

రాత్రి చింత చెట్టు కింద పడుకోకూడదంటారు, దయ్యాలుంటాయనా?

చీకటి పడితే చింత ఆకులు ముడుచుకుంటాయి. నిండు నీడనిచ్చిన చెట్టు రాత్రికి వేరే రూపంలో కనిపిస్తుంది. పైగా పురుగూ పుట్రా, రాలే కొమ్మలూ ఉండనే ఉన్నాయి. పెద్దలు పిల్లల్ని దూరంగా ఉంచడానికి దయ్యం కథ చెప్పి ఉంటారు. చెట్టు రాత్రి వదిలే బొగ్గుపులుసు వాయువుతో ఆరుబయట మనిషికి ఏమీ కాదు. చిక్కటి నీడ వల్ల కింద పంట సరిగ్గా ఎదగదన్నది మాత్రం నిజం. ముదిరిన చింత కింద పైరు వేసి నష్టపోకండి. ఆ నీడను పశువులకు వదిలేయండి.

సీమచింత, తియ్య చింత కూడా ఇవేనా?

సీమచింత వేరే చెట్టు. మెక్సికో వైపు నుంచి వచ్చింది. ముళ్ళుంటాయి, చుట్టలు తిరిగిన కాయలో తెల్లటి గుజ్జు ఉంటుంది. తియ్య చింత మాత్రం మన చింతే, తీపి ఎక్కువ, పులుపు తక్కువ ఉన్న రకం. థాయిలాండ్‌లో పెట్చబూన్ ప్రాంతం దానికి ప్రసిద్ధి. అది పండులా తినడానికి బాగుంటుంది, దానితో చారు పెడితే తేలిపోతుంది. అమెరికా, ఆస్ట్రేలియాల్లో కొట్లలో కొనేటప్పుడు ఇది చూసుకోండి.

ఇంట్లో కుండీలో పెంచొచ్చా? విదేశాల్లో బతుకుతుందా?

పెద్ద కుండీలో చిగురు కోసం పెంచొచ్చు, ఎండ పూర్తిగా తగలాలి. కాయ ఆశించకండి. మంచు గడ్డకట్టే చలికి లేత మొక్క చచ్చిపోతుంది. ఫ్లోరిడా దక్షిణ భాగంలో ఆరుబయట పెరుగుతుంది. చలి ప్రాంతాల్లో శీతకాలం కుండీని లోపలికి తెచ్చుకోవాలి.

రోడ్డు వెడల్పు చేస్తామని మా ఊరి పాత చింతలు కొట్టేస్తున్నారు. ఏం చేయగలం?

అడగగలం, ఆపమని కోరగలం. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం తెచ్చిన వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి ముందు అనుమతి ఉండాలి. ఆ కాగితం చూపించమని పంచాయతీ ద్వారా అడగండి. దారిని కొంచెం జరిపితే చెట్టు నిలుస్తుందేమో ఇంజనీర్లతో మాట్లాడండి. కర్ణాటకలో దేవనహళ్ళి దగ్గరి నల్లూరు చింతతోపును 2007లో దేశంలోనే మొట్టమొదటి జీవ వైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దాదాపు 300 ముసలి చెట్లున్న తోపు అది, మన హిందూపురానికి ఎంతో దూరం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింత చెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది, ఏటా దాని కింద చేరి మృతుల్ని తలచుకుంటారు.

చెట్టును ఆపలేకపోతే దాని గుణాన్నైనా కాపాడుకోవచ్చు. మీ ఊళ్ళో ఏ చెట్టు కాయ కండగలదో, ఏది ఏటా కాస్తుందో ముసలివాళ్ళకు తెలుసు. వాళ్ళను అడిగి ఆ చెట్టుకు గుర్తు పెట్టండి. కొట్టే తేదీ తెలిసిన వెంటనే పెన్సిల్ లావు ముదురు రెమ్మలు జానెడేసి కోసి, ఆకులు తుంచి, తడి గుడ్డలో చుట్టి అదే రోజు అంటు కట్టేవాళ్ళ దగ్గరికి చేర్చండి. వేరు మొక్కలు ముందే సిద్ధంగా ఉండాలి కాబట్టి, ఊరి బడిలోనో పంచాయతీ నర్సరీలోనో ఈ తొలకరికే కొన్ని కవర్లలో గింజలు వేసి ఉంచండి.